కళ్ళు మూయవలసినది ఎప్పుడు?

రెండేళ్ళ క్రిందట దసరా సెలవులలో రాయపూరులోని మా యిల్లు పిల్లలతో నిండిపోయింది. మా చెల్లెలి కూతురు జర్మనీలోని మ్యూనిక్ నగరం నుంచి తన తొమ్మిదేళ్ళ కూతురిని వెంటబెట్టుకొని వచ్చింది. మా తమ్ముడి కొడుకు అమెరికాలోని డల్లాస్ నుంచి, ఇంచుమించు ఆ వయసే గల కొడుకుతో వచ్చాడు. మా నాన్నగారు రైల్వే ఉద్యోగరీత్యా విజయనగరం విడిచి, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా వచ్చే రైలెక్కి ఈ ఊరు చేరి స్థిరపడినవారు. ఆయన ఒకే యింట పెంచిన సంతానపు మనుమలు ఇప్పుడు రెండు ఖండాలలో ఉన్నారు. రెండు ఖండాలు అని ఊరికే అనడం లేదు. ఆ తేడా మా హాల్లో కూర్చునే సరికి బయటపడింది.

మొదటి రాత్రి భోజనాలయ్యాక టీవీలో తెలుగు సినిమా వస్తూంది. కథానాయకుడు వేటకొడవలి ఎత్తాడు, ప్రతినాయకుడి అనుచరుడి చెయ్యి తెగి బురదలో పడింది. నేను తమలపాకుకు సున్నం రాసుకుంటూ చూస్తున్నాను. మా మేనకోడలు లేచి వచ్చి, మాట్లాడకుండా టీవీ కట్టేసింది.

"మావయ్యా, పిల్లలుండగా ఇదేమిటి?" అన్నది.

"అది రంగునీళ్ళని మావాడికి తెలుసులే వదినా," అని నవ్వాడు మా తమ్ముడి కొడుకు.

"నా కూతురికి తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు," అని ఆమె పిల్లను తీసుకొని లోపలికి వెళ్ళిపోయింది. నాకు కొంచెం చిన్నతనమనిపించిన మాట నిజం. నలభై ఏళ్ళుగా ఆ హాల్లో ఎన్ని చేతులు తెగలేదు! ఎవరూ లేచి కట్టేయలేదు.

మూడవనాడు అందరమూ భోరమ్‌దేవ్ వెళ్ళాము. రాయపూరుకు వాయవ్యంగా, కవర్ధా పట్టణం దాటిన తరువాత, మైకల్ కొండల మొదట్లో చెరువు గట్టున ఉన్న శివాలయమది. పదకొండవ శతాబ్దపు కట్టడమంటారు. ఛత్తీస్‌గఢ్ ఖజురహో అని దానికి వాడుక పేరు. ఆ పేరు ఎందుకు వచ్చిందో బయటి గోడలు చూచిన వారికి ఒకరు చెప్పనక్కరలేదు. మ్యూనిక్ పిల్ల ఆ శిల్పాల వరుసలను నింపాదిగా చూచి, "తాతయ్యా, వీళ్ళకు చలి వేయదా?" అని అడిగింది. ఆ పిల్లవాడి సంగతి వేరు. వాడి తండ్రి వాడి భుజం పట్టుకొని, చెరువులో బాతులున్నాయని చెప్పి అటు త్రిప్పి తీసుకుపోయాడు. తిరిగి వచ్చి, "ముందుగా ఒక మాట చెప్పవలసింది పెదనాన్నా," అన్నాడు మర్యాదగానే. ఇప్పుడు నవ్వడం మా మేనకోడలి వంతయింది.

నేనేం చేశానని పాఠకులు అడగవచ్చు. నేను పురావస్తు శాఖవారి బోర్డు చదువుతూ నిలుచున్నాను. ఆ బోర్డు అంత పొడవైనదేమీ కాదు.

ఈ ఇద్దరిదీ సొంత చాదస్తమని కొట్టివేయడానికి లేదు. వాళ్ళు నివసించే దేశాలు ఈ విషయమై బహుకాలంగా ఇదే విధంగా విభేదిస్తున్నవి. ఉదాహరణకు స్టాన్లీ క్యూబ్రిక్ 1971లో తీసిన "ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్" చిత్రాన్ని తీసుకోండి. అమెరికాలో దానికి మొదట పెద్దలకు మాత్రమే అనే "ఎక్స్" తరగతి ఇచ్చారు. ఆ ముద్ర తప్పించుకోవడానికి క్యూబ్రిక్ సుమారు ముప్పై సెకనుల భాగాన్ని మార్చవలసి వచ్చింది. ఆ మార్చినది ఎవరినో చావగొట్టే దృశ్యమనుకుంటే పొరపాటు. అది రతి సంబంధమైన దృశ్యం. అదే చిత్రం బ్రిటన్‌లో కోతలు లేకుండా విడుదలైంది. అక్కడ రేగిన గొడవంతా అందులోని దౌర్జన్యం గురించి. కుర్రవాళ్ళు దాన్ని చూచి అనుకరిస్తున్నారని పత్రికలు, న్యాయస్థానాలు అనేంతవరకు పోయింది. చివరకు దర్శకుడే ఆ చిత్రాన్ని బ్రిటన్‌లో ప్రదర్శన నుంచి ఉపసంహరించుకున్నాడు. 1999లో ఆయన మరణించిన తరువాత గాని అది అక్కడి థియేటర్లకు తిరిగి రాలేదు.

స్వీడన్ మరికొంత దూరం పోయింది. 1967లో అక్కడ తయారైన "ఐ యామ్ క్యూరియస్ యెల్లో" అనే చిత్రాన్ని అమెరికా కస్టమ్స్ వారు రేవులోనే పట్టుకున్నారు. నగ్న దృశ్యాలే కారణం. అది కోర్టులకెక్కింది. ఆ స్వీడన్‌లోనే, అమెరికా పిల్లలు కళ్ళనీళ్ళతో చూచి మురిసిపోయిన "ఇ.టి." చిత్రాన్ని 1982లో పదకొండేళ్ళ లోపు పిల్లలు చూడరాదన్నారు! "మ్యాడ్ మ్యాక్స్" అనే ఆస్ట్రేలియా చిత్రం దౌర్జన్యం కారణంగా 2005 దాకా అక్కడ నిషేధంలో ఉండిపోయింది. ఇక జర్మనీ 1973లో తన శిక్షాస్మృతిని సవరించినప్పుడు, ఒకే సవరణ చట్టంతో రెండు పనులు చేసింది. శృంగార ప్రచురణల మీద పాత ఆంక్షలను సడలించింది. హింసను కీర్తించే చిత్రణలను శిక్షార్హం చేసింది. ఒక తలుపు తీస్తూ మరొక తలుపు మూయడమన్నమాట.

అమెరికా వైపు నుంచి చూస్తే, 2004 ఫిబ్రవరి 1న జరిగిన ఒక సంఘటన చాలును. ఫుట్‌బాల్ పోటీ విరామంలో పాడుతున్న జానెట్ జాక్సన్ వక్షం ఒక సెకను కూడా నిండని కాలం టీవీలో కనిపించింది. అయిదు లక్షలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. ప్రభుత్వ ప్రసార నియంత్రణ సంఘం ఆ టీవీ సంస్థకు 5,50,000 డాలర్ల జరిమానా వేసింది. ఆ జరిమానా చెల్లదని కోర్టులు తేల్చేసరికి ఎనిమిదేళ్ళు పట్టింది. ఆ ఆటలో ఒకరినొకరు ఎముకలు విరిగేటట్టు ఢీకొనే దృశ్యాలను మాత్రం మళ్ళీ మళ్ళీ, నెమ్మదిగా త్రిప్పి చూపుతారు. అది ఆటలో భాగం.

అంతకంటె విచిత్రమైనది కాలిఫోర్నియా రాష్ట్రం కథ. పద్దెనిమిదేళ్ళ లోపు వారికి మరీ క్రూరమైన వీడియో ఆటలు అమ్మరాదని 2005లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది. దాని మీద సంతకం చేసిన గవర్నరు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్! తెర మీద ఆయన చేతులలో కూలిన వారి సంఖ్య అభిమానులే లెక్కపెట్టలేరు. పుట్టుక చేత ఆయన ఆస్ట్రియా వాడు గనుక, యూరోపు బుద్ధి ఆలస్యంగా మేల్కొన్నదని సరదాగా అనుకోవచ్చు. 2011లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. పిల్లల కథలలో హింస అనాదిగా ఉన్నదేనని, గ్రిమ్ సోదరుల కథలు చూడండని మెజారిటీ న్యాయమూర్తులు అన్నారు. విభేదించిన ఇద్దరిలో ఒకరైన బ్రేయర్ వేసిన ప్రశ్న మాత్రం జ్ఞాపకం ఉంచుకోదగినది. నగ్న స్త్రీ బొమ్మ ఉన్న పత్రికను పదమూడేళ్ళ పిల్లవాడికి అమ్మరాదని 1968లో ఇదే కోర్టు ఆమోదించింది. అదే పిల్లవాడు తెర మీది స్త్రీని కట్టి, నోట గుడ్డలు క్రుక్కి, హింసించి చంపే ఆటను కొనవచ్చునంటే అందులో అర్థమేమున్నదని ఆయన అడిగారు.

ఎందుకిలా? దీనికి సాధారణంగా చెప్పే జవాబు ఒకటున్నది. ఇంగ్లండు నుంచి వెళ్ళి మసాచుసెట్స్ తీరాన స్థిరపడిన ప్యూరిటన్ల మత నిష్ఠ అమెరికావారికి దేహం పట్ల సిగ్గును మిగిల్చిందని, పడమటి సరిహద్దుల తుపాకీ బ్రతుకు హింసను వీరగాథగా మార్చిందని అంటారు. 1865లో అంతర్యుద్ధం ముగిసిన తరువాత ఆ గడ్డ మీద పెద్ద యుద్ధం జరగలేదు. యూరోపులో అలా కాదు. ఇరవయ్యవ శతాబ్దంలో రెండుసార్లు ఇళ్ళు, వీధులు, ఊళ్ళు నేలమట్టమైనవి. నెత్తురు చూచినవాడికి నెత్తురు వినోదం కాదు గదా.

ఈ వివరణ నాకు సగమే నచ్చింది. జర్మనీలో ఎండలో నగ్నంగా తిరిగే ఉద్యమం పందొమ్మిదవ శతాబ్దం చివరనే బయలుదేరింది. అది యుద్ధాల ఫలితం కానేరదు. బాంబులు తిన్న బ్రిటన్ 1960లో "లేడీ చాటర్లీస్ లవర్" నవల ప్రచురించినందుకు పెంగ్విన్ సంస్థను బోనెక్కించింది. ప్రచురణకర్తలు నిర్దోషులని జ్యూరీ తేల్చింది గాని, కేసు పెట్టకుండా ఉండలేకపోయిందన్నది గమనార్హం. యూరోపు అనేది ఒకటే ముద్ద కాదు. అమెరికాలోనూ తల్లిదండ్రులు హింసకు ఎన్నడూ అభ్యంతరం చెప్పలేదనరాదు. 1984లో వచ్చిన ఇండియానా జోన్స్ రెండవ చిత్రంలో మన అమ్రీష్ పురి ఒక మనిషి గుండెను ఉత్త చేత్తో పెకలించే దృశ్యం ఉన్నది. మన తెలుగువారికి "జగదేకవీరుడు అతిలోకసుందరి"లోని మాంత్రికుడుగా పరిచితుడైన ఆయనే. ఆ గుండెను చూచి అమెరికా తల్లులు గగ్గోలు పెట్టారు. ఫలితంగా ఆ సంవత్సరం జూలై 1 నుంచి పదమూడేళ్ళ పిల్లల విషయంలో హెచ్చరించే కొత్త తరగతిని ప్రవేశపెట్టారు. అయితే ఆ తరగతి తల్లిదండ్రులకు హెచ్చరిక మాత్రమే. పిల్లవాడు ఒక్కడే టిక్కెట్టు కొనుక్కుని లోపలికి పోవచ్చు.

ఇంతకూ మనమెవరి పక్షం? భోరమ్‌దేవ్ నుంచి తిరిగి వస్తూ కారులో ఈ ప్రశ్న వచ్చింది. "మన సంప్రదాయం మా వైపే ఉన్నది. ఆ గుడిని చూచాం గదా," అన్నది మేనకోడలు. "ఆ గుడి కట్టినవారు వేరు, మన నాయనమ్మ వేరు," అన్నాడు మా తమ్ముడి కొడుకు. ఇద్దరిలో ఎవరిది నిజమని నన్నడిగారు.

భరతుని నాట్యశాస్త్రం ఈ విషయంలో మనమనుకునే దానికంటె పట్టుగా ఉన్నది. యుద్ధం, రాజ్యం పోవడం, మరణం, నగరపు ముట్టడి, వీటిని అంకంలో ప్రత్యక్షంగా చూపరాదని, ప్రవేశకంలో మాటల ద్వారా తెలియజేయాలని అందులో ఉన్నది. శయనం, చుంబనం, ఆలింగనం కూడా రంగస్థలం మీద కూడవన్నది. ఈ రెండవ నిషేధానికి ఆయన చెప్పిన కారణం చాలా ఇంటి మాట: నాటకాన్ని తండ్రీ కొడుకులు, అత్తా కోడళ్ళు ప్రక్కప్రక్కన కూర్చుని చూస్తారు. దేహం పాపమని గాని, ప్రేక్షకుడు చెడిపోతాడని గాని ఆయన అనలేదు. ఎవరి ప్రక్కన ఎవరు కూర్చున్నారన్నదే ఆయన బాధ. ఈ లెక్కన గుడి గోడకు, నాటకశాలకు తగవు లేదు. గోడ ముందు ఎవరికి వారు నిలబడి చూచి కదలిపోవచ్చు. భాసుడు ఊరుభంగంలో దుర్యోధనుడి ప్రాణాన్ని రంగం మీదనే పోగొట్టాడన్నది వేరే సంగతి. నియమమున్నచోట దాన్ని మీరే కవి కూడా ఉంటాడు.

భరతుడు రెండు కళ్ళకూ రెప్పలు పెట్టాడు. మనం ఒక రెప్పను ఊడబెరుక్కుని, రెండవదాన్ని గట్టిగా మూసుకున్నాము. మా హాల్లోనే చూడండి. నాయికా నాయకులు దగ్గరకు జరిగితే చాలు, నా చెయ్యి తనంతట తాను రిమోటు వైపు పోతుంది. లేదా మంచినీళ్ళకోసం లేస్తాను. తల తెగిపడితే లేవను. ఇంత స్పష్టమైన విషయం ఒక మేనకోడలు మ్యూనిక్ నుంచి వచ్చి చూపేదాకా నాకు కనిపించలేదు.

మరి మన చట్టం మాట? ఇందులో మా రాయపూరుకు కొంచెం గర్వించదగిన పాత్ర ఉన్నది. ఇక్కడి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో 1922 వరకు చదివిన ఒక విద్యార్థి నాగపూరు, కేంబ్రిడ్జిల మీదుగా పోయి 1968లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. ఆయనే మహమ్మద్ హిదాయతుల్లా. 1969లో కొద్ది వారాలు తాత్కాలిక రాష్ట్రపతిగా, తరువాత ఉపరాష్ట్రపతిగా కూడా పనిచేశారు. ఇక్కడి న్యాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు.

ఆ హిదాయతుల్లాగారు ఈ విషయం మీద రెండుసార్లు తీర్పు వ్రాశారు. 1964లో, బ్రిటన్‌లో పెంగ్విన్ గెలిచిన నాలుగేళ్ళకు, అదే "లేడీ చాటర్లీస్ లవర్" అమ్మినందుకు బొంబాయిలోని రంజిత్ ఉదేషీ అనే పుస్తక విక్రేతకు ఇరవై రూపాయల జరిమానా పడిన కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. హిదాయతుల్లా ఆ శిక్షను ఖాయపరిచారు. ఆయన అనుసరించిన కొలబద్ద 1868 నాటి హిక్లిన్ కేసు అనే ఇంగ్లీషు తీర్పులోనిది. చెడిపోయే స్వభావం గల మనసు మీద ఆ వ్రాత ఎలా పనిచేస్తుందో చూడాలన్నది దాని సారాంశం. ఇంగ్లండే దాన్ని 1959 నాటి కొత్త చట్టంతో వదిలించుకున్నది. దొరసాని విడిచిన గౌనును మనం పెట్టెలో దాచి, పండుగ పూట తీసి తొడుక్కున్నట్టయింది.

ఆరేళ్ళు గడిచాయి. ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ నాలుగు మహానగరాలలోని భోగాన్నీ దారిద్ర్యాన్నీ ప్రక్కప్రక్కన చూపుతూ "ఎ టేల్ ఆఫ్ ఫోర్ సిటీస్" అనే పొట్టి చిత్రం తీశారు. అందులో వేశ్యావాటికను చూపే భాగాలను తొలగిస్తే గాని అందరూ చూడదగిన చిత్రమని ధ్రువపత్రం ఇవ్వమన్నారు. అబ్బాస్ కోర్టుకెక్కి, అసలు ముందస్తు సెన్సారే రాజ్యాంగ విరుద్ధమని వాదించారు. 1970 సెప్టెంబరు 24న తీర్పు చెప్పిన హిదాయతుల్లా, సెన్సారు ఉండవచ్చునన్నారు. కాని ఆ తీర్పు చివరి భాగం చదివితే, 1964లో వ్రాసినవారు ఈయనేనా అనిపిస్తుంది. రతి అన్నదంతా అశ్లీలం కాదన్నారు. మనలో అందరికంటె బలహీనమైన, చెడిన మనసును రక్షించడమే కొలబద్ద చేసుకొని, ఆరోగ్యవంతుడు ఏమి చూడరాదో నిర్ణయించకూడదన్నారు. మన పురాతన దేవాలయాల శృంగార శిల్పాల మీద తీసిన డాక్యుమెంటరీని నిబ్బరంగా చూడగలమని, అవే శిల్పాలను శయనాగారపు పాఠాలుగా తీస్తే మాత్రం అసహ్యమవుతుందని ఉదాహరణ చెప్పారు. నెత్తురు విషయంలోనూ అదే పద్ధతి. నాదిర్షా ఢిల్లీని దోచి కపాలాల గుట్టలు పేర్చిన చరిత్రను చూపవచ్చు. ఎలా చూపారన్నదే ప్రశ్న. ఏ వస్తువు అని గాక, దాన్ని ఎలా పట్టుకున్నారని చూడాలని సెన్సారు కత్తెరకు ఆయన చెప్పిన మాట.

బాల్యంలో రాయపూరులో పెరిగినవాడు భోరమ్‌దేవ్ గోడలను చూచే ఉంటాడని ఊహించుకోవడం నాకిష్టం. అది నా ఊహ మాత్రమే.

ఆ కొలబద్దతో చూస్తే, యూరోపు, అమెరికా తగవులో ఒక చిక్కు విడిపోతుంది. ఇద్దరూ "ఏమి కనిపించింది" అనే లెక్కపెడుతున్నారు. "షిండ్లర్స్ లిస్ట్" చిత్రాన్ని 1997 ఫిబ్రవరిలో అమెరికాలో ఎన్‌బీసీ టీవీ కోతలు లేకుండా ప్రసారం చేసినప్పుడు, ఓక్లహోమాకు చెందిన కోబర్న్ అనే కాంగ్రెసు సభ్యుడు, టీవీ ఇంత అధోగతికి దిగజారిందా, నగ్నత్వమా, హింసా అని మండిపడ్డాడు. ఆ నగ్నత్వం చావు శిబిరాలలో బట్టలు ఊడ్పించి పరుగెత్తించిన యూదులది. స్వపక్షీయులే తప్పుపట్టగా ఆయన క్షమాపణ చెప్పుకున్నాడు. అంతకు మూడేళ్ళ ముందు ఫిలిప్పీన్స్ సెన్సారువారు అదే చిత్రంలో ఒక శయన దృశ్యాన్ని తీసివేయమన్నారు. దర్శకుడు స్పీల్‌బర్గ్ ఒప్పుకోలేదు. అధ్యక్షుడు రామోస్ కలుగజేసుకొన్న తరువాత అక్కడి ప్రజలు పూర్తి చిత్రం చూచారు. చావు శిబిరాలకు గాక శయన దృశ్యానికి ఉలిక్కిపడ్డ ఆ సెన్సారువారు నాకు పరాయివారనిపించలేదు.

మన సుప్రీంకోర్టుకు కూడా ఆ చిత్రం పనికివచ్చింది. శేఖర్ కపూర్ తీసిన "బాండిట్ క్వీన్"లో ఫూలన్ దేవిని వివస్త్రను చేసి ఊరి బావి దగ్గరకు నడిపించే దృశ్యం ఉన్నది. దాని మీద వచ్చిన కేసులో 1996 మే 1న తీర్పు చెబుతూ, షిండ్లర్ చిత్రంలోని నగ్నుల వరుసలను చూచి ఎవరికి కామోద్రేకం కలుగుతుందని కోర్టు అడిగింది. ఆ దృశ్యం ఉన్నది కన్నీటికోసం, ఏవగింపు కోసం అన్నది. 2014లో మరొక తీర్పుతో హిక్లిన్ కొలబద్దను పూర్తిగా విడిచిపెట్టింది. ఆ కేసు పుట్టిన తీరు మా మేనకోడలికి చెబితే చాలాసేపు నవ్వింది. టెన్నిస్ వీరుడు బోరిస్ బెకర్, నల్లజాతి మూలాలున్న తన ప్రియురాలితో కలిసి నగ్నంగా దిగిన ఫొటో ఒకటి "స్టెర్న్" అనే జర్మన్ పత్రికలో వచ్చింది. తీసినవాడు ఆ అమ్మాయి తండ్రే. వర్ణ ద్వేషాన్ని ప్రేమ గెలుస్తుందన్నది దాని సందేశం. 1993లో కలకత్తా పత్రికలు దాన్ని పునర్ముద్రించగా, ఒక న్యాయవాది అది యువతను చెడగొడుతుందని అలీపూర్ కోర్టులో ఫిర్యాదు చేశారు. ఆ బొమ్మ అశ్లీలం కాదని మనం తేల్చుకోవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

తెలుగు తెర ఈ పరీక్షకు ఎలా నిలుస్తుందో ఆలోచిస్తే, నాకు ముందుగా గుర్తువచ్చేది 1985లో టి. కృష్ణ తీసిన "ప్రతిఘటన". అందులో లెక్చరరయిన నాయికను ఒక రౌడీ నడివీధిలో వివస్త్రను చేస్తాడు. చివర ఆమె గొడ్డలి ఎత్తుతుంది. సిగ్గూ, నెత్తురూ రెండూ ఉన్నవి. చూచినవాడు మాత్రం ఆనందించి ఇంటికి పోలేదు. వీధిలో నిలబడి చూచిన జనంలో తానూ ఒకడేమోనని తల దించుకొని పోయాడు. ఆ తరువాత మన సీమ కక్షల చిత్రాలలో తెగిన తలలకు ఆ బరువు ఎక్కడున్నది? వాటిని చూచి తల దించుకున్నవారిని నేనెరుగను, ఈలలు మాత్రం విన్నాను. సెన్సారు నిబంధనలలో అనవసరమైన హింసను చూపరాదని లేకపోలేదు. 2024 నుంచి ఏడేళ్ళు, పదమూడేళ్ళు, పదహారేళ్ళు అని వయసుల వారీగా తరగతులు కూడా వచ్చినవి. ఆ అంకె తెర మూల మెరిసేసరికి, మా వంటి ఇళ్ళలో చంటిపిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా అందరూ అప్పటికే కంచాలతో కూర్చుని ఉంటారు.

ఇదంతా కాలక్షేపపు తర్కమే అయితే వ్రాసేవాణ్ణి కాను. రాయపూరులో నెత్తురు తెర మీది వస్తువు మాత్రమే కాదు. మాకు దక్షిణాన బస్తర్ ఉన్నది. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల దగ్గర మావోయిస్టుల దాడిలో 76 మంది జవాన్లు ఒక్క ఉదయం చనిపోయారు. ఆ తరువాతి రోజులలో టీవీలో జెండాలు కప్పిన పెట్టెల వరుసలు చూచాము. అంతకు ముందూ తరువాతా అడవిలో పడి ఉన్న ఎందరివో శవాలు, రెండు పక్షాలవీ, ఏ పక్షమూ కానివారివీ, పొద్దున్న కాఫీతోపాటు పత్రికలలో వచ్చేవి. ఎవరూ ఆ పేజీ పిల్లలకు కనబడకుండా మడవలేదు. యుద్ధం చూచిన యూరోపు నెత్తురుకు వెరుస్తుందన్న సూత్రం ఇక్కడ ఎందుకు పనిచేయలేదో నాకు తోచదు. బహుశా చూచినది మనం కాము. మనకు ఫొటో మాత్రమే వచ్చింది.

ఆ బస్తరులోనే ఒకప్పుడు గోండు, మురియా స్త్రీలు రవికలు తొడిగేవారు కారు. మా విజయనగరం ప్రాంతపు పల్లెలలో మా అమ్మమ్మ తరం కూడా అంతే. చీర చెంగే వాళ్ళకు రవిక. అందులో సిగ్గుపడవలసినదేదో ఉన్నదని వాళ్ళకు తెలియదు. అటువంటి బస్తరు స్త్రీల ఫొటోలు తీసి అచ్చువేసి, ఒంటరిగా చూచుకున్నవారు పట్నాలవాళ్ళు. హిదాయతుల్లాగారి మాటను ఇక్కడకు తెస్తే, అశ్లీలం ఆ స్త్రీ దగ్గరున్నదా, ఫొటో పట్టుకున్నవాడి దగ్గరున్నదా అన్నది తేలిపోతుంది.

విజయదశమి సాయంత్రం పిల్లలిద్దరినీ ఇక్కడి డబ్ల్యు.ఆర్.ఎస్. కాలనీ మైదానానికి రావణ దహనం చూపడానికి తీసుకుపోయాము. ఇసుక వేస్తే రాలని జనం. పది తలలూ టపాసుల మోతతో అంటుకున్నప్పుడు డల్లాస్ పిల్లవాడు గంతులు వేశాడు. మ్యూనిక్ పిల్ల నా వేలు పట్టుకొని, "ఆయనకు పిల్లలున్నారా తాతయ్యా?" అని అడిగింది. ప్రక్కన కాలుతున్న రెండవ బొమ్మ ఆయన కొడుకు మేఘనాథుడిదేనని చెప్పవలసి వచ్చింది. ఆ పిల్ల మరేమీ అడగలేదు. కాని చివరిదాకా చూచింది. ఈసారి తల్లి కళ్ళు మూయలేదు. ఎందుకని నేను అడిగితే, "అందరూ చూస్తున్నారు గదా మావయ్యా," అన్నది, తనకే ఆ జవాబు నచ్చనట్టు.

మరునాడు పిల్లలు ఏమీ తోచక బొమ్మలు వేశారు. పిల్లవాడు కాలుతున్న రావణుణ్ణి వేసి, మెడల దగ్గర ఎర్ర రంగు ధారాళంగా కుమ్మరించాడు. పిల్ల భోరమ్‌దేవ్ గుడిని వేసి, గోడ మీద బట్టలు లేని ఒక జంటను, వాళ్ళ ప్రక్కన చెరువులో బాతులను వేసింది. మా ఇంటావిడ రెండింటినీ ముచ్చటపడి ఫ్రిజ్ తలుపు మీద అంటించింది. సాయంత్రం పేరంటానికి ఇరుగుపొరుగు తెలుగు ఆడవాళ్ళు వచ్చే వేళకు నేను మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళి చూస్తే, గుడి బొమ్మ మీద పంచాంగం క్యాలెండరు వ్రేలాడుతున్నది. ప్రక్కన రావణుడు పది మెడలతో నెత్తురు కారుస్తూ అలాగే ఉన్నాడు.